పదకొండు గురువారాలు

మా అన్నయ్య రెయిడర్ దేవుడి పని మీద మడగాస్కర్ వెళ్ళాడు. నేను గొర్రెల పని మీద ఇంట్లో ఉండిపోయాను. ఇద్దరిలో ఎవరిది గొప్ప పనో మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. నన్ను మాత్రం అడక్కండి.

యుద్ధం అయిపోయిన ఎనిమిదో ఏడు అది. అక్కడ ఏడేళ్ళు పనిచేసినవాళ్ళకి మిషన్ వాళ్ళు ఏడాది సెలవిచ్చి స్వదేశం పంపిస్తారు. సెలవంటే కాళ్ళు చాపుకుని కూర్చోవడం కాదు. ఊరూరా తిరగాలి, ప్రార్థన మందిరాల్లో తెల్లదుప్పటి కట్టి లాంతరు బొమ్మలు చూపించాలి, సాక్ష్యం చెప్పాలి, ఎవరు పెట్టినా కేకు ముక్క కాదనకుండా తినాలి. ఆ చలికాలమంతా అన్నయ్యవాళ్ళు పట్నంలో వదినవాళ్ళ అక్క ఇంట్లో ఉన్నారు. ఆగస్టు చివర తిరుగు ఓడ. ఈలోపు మూడు నెలలు మా ఇంట్లో ఉండటానికి జూన్ మొదట్లో స్టీమరు దిగారు.

రేవులో నిలబడి చూశాను. వెళ్ళినప్పుడు ముగ్గురు. వచ్చినప్పుడూ ముగ్గురే. మధ్యలో ఒకతె వచ్చి వెళ్ళిపోయింది. పేరు టోనే. అక్కడే పుట్టి, నాలుగేళ్ళకి అక్కడే జ్వరంతో పోయింది. ఆ పిల్లని నేను చూడనే లేదు.

అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "ప్రభువు నిన్ను చక్కగా చూసుకున్నాడు సివర్ట్!"

"నన్ను నేనే చూసుకున్నాను" అన్నాను.

వదిన బోర్గిల్డ్ పక్కకి తిరిగి పెట్టెలు లెక్కపెట్టుకుంది. ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. అది నవ్వేనని ఇప్పటికీ అనుకుంటాను.

రేవులో అందరికంటే ముందు నిలబడింది గూరో పెద్దమ్మ. మా ఊరి ఆడవాళ్ళ మిషన్ సంఘానికి ముప్పై ఏళ్ళుగా ఆవిడే పెద్ద. ప్రతి గురువారం మధ్యాహ్నం వాళ్ళంతా మందిరంలో చేరి, మేజోళ్ళు అల్లుతూ, కాఫీ తాగుతూ, మడగాస్కర్‌లో ఉన్న మావాళ్ళ కోసం పేరుపేరునా ప్రార్థన చేస్తారు.

"ఒరే సివర్ట్, ఇల్లు కడిగావా? లేకపోతే వీళ్ళు ఆ దోమలే నయమని వచ్చిన స్టీమరే ఎక్కేస్తారు" అంది.

"రెండుసార్లు కడిగాను పెద్దమ్మా."

"పెళ్ళాం ఉంటే ఆ బాధ తప్పేది కదరా. నీ పెళ్ళికని అల్లిన మేజోళ్ళు ఇప్పటికి మూడు జతలు చిమ్మెటలు తినేశాయి." అందరూ నవ్వారు. ఆవిడ వదిన చేతులు రెండూ పట్టుకుంది. "మా తల్లీ! నీ పిల్లలిద్దరి పేర్లూ మేం తలవని వారం లేదమ్మా."

ఇద్దరి అనేసి ఆగిపోయింది. స్టీమరు కూత పెట్టింది, అది నయమైంది.

సునివా నా పక్కకొచ్చి నడిచింది. పదకొండేళ్ళు. సన్నగా, పొడుగ్గా, గౌను మోకాళ్ళ పైకి పోయి ఉంది. "బాబాయ్, చిన్నప్పుడు నన్ను పొట్టేలు మీద ఎక్కించావంట. నిజమేనా?"

"నిజమే. అది నిన్ను పేడకుప్పలో పడేసింది."

"ఆ పొట్టేలు ఇంకా ఉందా?"

"తినేశాం."

పకపకా నవ్వింది. అంత పెద్దగా నవ్వే మనిషి మా ఇంట్లోకి వచ్చి చాలా ఏళ్ళయింది.

మా నాన్న పోయినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఒక కొడుకు చదువుకోవచ్చు, ఒక కొడుకు పొలం చూసుకోవాలి. అన్నయ్యకి దేవుడి పిలుపు వచ్చిందన్నారు. నాకేమైనా పిలుపు వచ్చిందా అని ఎవరూ అడగలేదు. పార చేతికిచ్చారు. అప్పట్నుంచి మందిరానికి బండి తోలుకెళ్ళి బయట నిలబడటమే గానీ లోపలికి పోవడం తగ్గించాను. నేను నాస్తికుణ్ణని కొందరన్నారు. అంత చదువు నాకు లేదు.

ఆ జూన్‌లోనే మా మందిరంలో అన్నయ్య సాక్ష్యం. జనం కిటికీల్లోంచి కూడా చూశారు. కిటికీలకి దుప్పట్లు కట్టి లాంతరు వెలిగించారు. ఎర్రమట్టి దారులు, పిల్లల బడి, కుష్ఠురోగుల ఆసుపత్రి. మధ్యలో సునివాకి అక్కడివాళ్ళలా తెల్లబట్ట చుట్టి నిలబెట్టి ఆ భాషలో పాట పాడించారు. బట్ట పొట్టిదైపోయింది. కింద మా గూరో పెద్దమ్మ అల్లిన బూడిదరంగు మేజోళ్ళు కనిపిస్తున్నాయి. పిల్ల పైకప్పు వైపు చూస్తూ పాడింది.

నేను వెనక కాఫీ కాచే గదిలోకి జారుకున్నాను. వదిన అక్కడే ఉంది, అప్పటికే తోమి ఉన్న కప్పుల్ని మళ్ళీ తుడుస్తోంది.

"లోపల ఉండరా?" అన్నాను.

"ఇప్పుడు సమాధి బొమ్మ వస్తుంది" అంది.

తలుపు అవతల అన్నయ్య గొంతు మెత్తబడింది. తన బిడ్డని ఆ నేలకి విత్తనంగా ఇచ్చానని చెబుతున్నాడు. ఆడవాళ్ళు ముక్కులు చీదుతున్న చప్పుడు.

"ఈ ఏడాదిలో నలభై మూడు ఊళ్ళు తిరిగాం సివర్ట్" అంది వదిన. "నలభై మూడుసార్లు పాతిపెట్టాడు. నాకు మొదటిసారే చాలింది."

నేనూ కప్పులు తుడిచే గుడ్డ అందుకున్నాను. ఇద్దరం ఆ తోమిన కప్పులనే తుడుస్తూ నిలబడ్డాం. తర్వాత ఆమె, "ఆయన అబద్ధం చెప్పట్లేదు. అది నమ్మకపోతే ఆయన మళ్ళీ అక్కడికి వెళ్ళలేడు" అంది. "నేనూ వెళ్ళాలి. దాన్ని అక్కడ ఒక్కదాన్నీ ఉంచలేను."

"మరి సునివా?"

ఆమె గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. పదకొండు నిండిన పిల్లల్ని మళ్ళీ అక్కడికి తీసుకుపోకూడదని మిషన్ నియమం. అక్కడ వాళ్ళకి పైచదువు లేదు. పట్నంలో మిషన్ వాళ్ళ హాస్టలుంది. అక్కడ వదిలేసి వెళ్ళాలి, ఇంకో ఏడేళ్ళకి వచ్చి చూసుకోవాలి. మిషనరీలందరూ చేసేది అదే. బాగా చేశారని అందరూ మెచ్చుకుంటారు కూడా.

"అక్కడుంటే పెద్దది ఉండదు, ఇక్కడుంటే చిన్నది ఉండదు" అంది. అని ట్రే ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మిడ్‌సమ్మర్ పండగ మంటలు వేసిన రెండు రోజులకి, గురువారం, బంగాళదుంప ఉండలు తింటున్నాం. మా వైపు గురువారం అంటే అవే. సునివా చెంచా కింద పెట్టింది.

"నేను హాస్టలుకి పోను. ఇక్కడ బాబాయ్ దగ్గర ఉంటా."

అన్నయ్య నెమ్మదిగా నమిలి మింగాడు. "అమ్మా, అక్కడ నీలాంటి పిల్లలే నలభైమంది ఉంటారు. కలిసి ప్రార్థన, కలిసి పాటలు..."

"నాకు తెలుసు. మడగాస్కర్లో నాతో ఆడుకున్న ఎల్సే ఇప్పుడు అక్కడే ఉంది. దుప్పటి కింద దూరి ఏడుస్తారంట. పెద్దగా ఏడిస్తే మిగతావాళ్ళకి నిద్ర పాడవుతుందని."

"ఎల్సే అలా చెప్పకూడదు."

"ఇక్కడైతే గొర్రెలున్నాయి. వాటికి నిద్ర పాడైనా ఫర్వాలేదు."

నాకు నవ్వొచ్చింది. అన్నయ్యకి రాలేదు. "సివర్ట్ మంచివాడే. కానీ వాడు మందిరం గడప తొక్కడు. పిల్లని ఎవరు ప్రభువులో పెంచుతారు?"

"నన్ను నువ్వు ప్రభువులోనే పెంచావుగా అన్నయ్యా, దూరాన చదువుకుంటూ వారానికో ఉత్తరం రాసి" అన్నాను.

"గొర్రెపిల్ల తల్లి పాలు తాగకపోతే ఇతను తన చొక్కాలో పెట్టుకుని తిరగడం చూశాను" అంది వదిన. ఆమె మా ఇద్దరి వైపూ చూడలేదు. "నాకది చాలు. బడి నాలుగు మైళ్ళే. ఉండనీ."

అన్నయ్య చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థిస్తున్నాడో, వాదన వెతుక్కుంటున్నాడో తెలీదు. తర్వాత సరేనన్నాడు.

ఆ రోజే నేను పైన్ చెక్క కోసి చిత్రిక పట్టడం మొదలుపెట్టాను. పైగదిలో కిటికీ కింద పట్టేలా మంచం. సునివా దాని మీద పడుకుని కొలతిచ్చింది. "ఇంకొంచెం పొడుగు పెట్టు బాబాయ్, నేను పెరుగుతాను కదా."

"పెరిగితే ఇంకోటి చేస్తాను. చెక్కకేం కరువు?"

నీలం రంగు వేశాను. నా జీవితంలో గొర్రెల కోసం కాకుండా ఇంకొకళ్ళ కోసం చేసిన వస్తువు అదొక్కటే.

వదిన వంటింటి బల్ల దగ్గర కూర్చుని కవర్ల మీద అడ్రసు రాయడం మొదలెట్టింది. మడగాస్కర్ అడ్రసు పెద్దది, ఫ్రెంచి మాటలు. నేను రాస్తే పోస్టుమాస్టరు కూడా చదవలేడు. "వారానికొకటి చొప్పున ఏడాదికి యాభై రెండు" అంది. "నువ్వు లోపల రెండు ముక్కలు రాసి పెడితే చాలు. తిన్నది, పడుకుంది, దగ్గుతోంది. అంతే. అందంగా రాయక్కర్లేదు."

"రాస్తాను."

"దగ్గితే దగ్గిందని రాయాలి. దాచకూడదు."

"దాచను" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

జూలై అంతా వాన. కోసిన గడ్డిని కర్రలు పాతి తీగల మీద ఆరేస్తాం మా వైపు. ఆ ఏడు అది ఆరలేదు, తీగల మీదే నల్లబడింది. రోజూ పొద్దున లేచి ఆకాశం చూడటం, తిట్టుకోవడం. సునివా నాతో తిట్టడం నేర్చుకుంది. అన్నయ్య లేనప్పుడే.

ఆగస్టు రెండో గురువారం పొద్దున గూరో పెద్దమ్మ మా గట్టెక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో అంత దూరం నడిచి వచ్చింది. సంచిలోంచి గుడ్డలో చుట్టిన నల్ల అట్ట పుస్తకం తీసింది. మిషన్ సంఘం పుస్తకం. ప్రతి గురువారం ఎవరెవరు వచ్చారు, ఎవరి కోసం ఏమని ప్రార్థించారు, అన్నీ ఆవిడే రాస్తుంది. నిండిపోయిన పుస్తకాలు మందిరంలోనే భద్రంగా ఉంచుతారు, ఎవరికీ ఇవ్వరు.

"ఇది నీకే తల్లీ" అంది వదినతో. "అందరం కలిసి అనుకున్నాం. ఆ దూరదేశంలో ఒంటరిగా అనిపిస్తే తీసి చూసుకో. ఒక్క గురువారం తప్పలేదు మేము. మంచులోనూ తప్పలేదు, యుద్ధంలో జర్మన్లు ఊళ్ళో ఉన్నప్పుడూ తప్పలేదు."

వదిన ఆవిణ్ణి కావలించుకుంది. నేను తలుపు దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాను. నా చేతిలో బూటు తాడు తెగింది.

ఆ పుస్తకం ఆమె చేతికి వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఏం జరిగిందంటే, దానికి ముందటేడు ఏప్రిల్ మొదట్లో అన్నయ్య ఉత్తరం వచ్చింది, టోనేకి జ్వరమని, ప్రార్థించమని. ఆడవాళ్ళు పదో తారీఖు గురువారం నుంచి మొదలుపెట్టారు. ఇరవై రెండున రెండో ఉత్తరం వచ్చింది. టోనే మార్చి తొమ్మిదినే పోయింది. ఉత్తరం నా పేరు మీదే. ఊరికి ఏదైనా చెప్పాలంటే నేనే చెప్పాలి. అన్నయ్య రాశాడు: దీన్ని మందిరంలో నిలబడి చదువు, నిద్రపోతున్న హృదయాలు మేలుకుంటాయి, ఇది వ్యర్థం కాకూడదు.

నాకు ఒళ్ళు మండింది. పిల్ల మీద మట్టి ఆరకముందే దాన్ని సాక్ష్యంలోకి ఎక్కించేశాడు. పైగా ఏడో తరగతి చదివిన నేను, తడుముకుంటూ చదివే నేను, అందరి ముందూ నిలబడి ఆయన నోరుగా పనిచేయాలి. చదవనన్నాను, గోడతో. ఉత్తరాన్ని గోడగడియారం వెనక పెట్టాను. వచ్చే గురువారం చూద్దాంలే అనుకున్నాను.

ఆ గురువారం ఆడవాళ్ళని దింపడానికి బండి కట్టుకుని వెళ్ళి మందిరం బయట నిలబడ్డాను. లోపలినుంచి గూరో పెద్దమ్మ గొంతు వినిపించింది. చిన్నారి టోనే జ్వరం దిగాలి ప్రభువా, దానికి ఆకలి పుట్టాలి, దాని చిన్న కాళ్ళకి బలం రావాలి. వెనకాలే పది గొంతులు, ఆమెన్.

అప్పుడు లోపలికి వెళ్ళి చెప్పలేకపోయాను. కోపంతో అని చెప్పుకున్నాను. కోపం రెండు వారాలు ఉంటుంది. మిగతా వారాలు ఏమిటో నాకు పేరు తెలియదు. గురువారం వస్తే చాలు, మధ్యాహ్నం నుంచే బండి దగ్గరికి వెళ్ళి నిలబడేవాణ్ణి. లోపల వాళ్ళు దానికి గంజి తాగించేవాళ్ళు, కాళ్ళకి బలం పోసేవాళ్ళు. ఇంటికొచ్చి గడియారం వెనకనుంచి ఆ ఉత్తరం తీసి చూసేవాణ్ణి. చివరి కాగితం మీద పెన్సిలుతో గీసిన చిన్న చెయ్యి ఉంది. జ్వరంలో ఉన్నప్పుడు, బాబాయ్‌కి పంపమని వాళ్ళమ్మ చేత గీయించుకుందట. నా బొటనవేలు పెడితే ఆ అరచెయ్యి మొత్తం కప్పేసేది.

జూన్ ఆఖర్న మిషన్ పత్రికలో వార్త పడింది. ఊరంతా ఏడ్చింది. నా ఉత్తరం ఆలస్యమైందని, ఆ వారమే వచ్చిందని చెప్పాను. సముద్రం దారి కదా, ఎవరూ ప్రశ్నించలేదు.

గూరో పెద్దమ్మ వెళ్ళిపోయాక నేను గడ్డి దగ్గరికి పోయాను. మధ్యాహ్నం మూడింటికి వాన ఎక్కువై తిరిగొచ్చాను. అన్నయ్య పక్క ఊరు వెళ్ళాడు. సునివా గొర్రెల దొడ్లో ఉంది. వదిన బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఒక పక్క కవర్ల దొంతర, ఒక పక్క తెరిచిన పుస్తకం.

"కాఫీ వెచ్చగా ఉంది, పోసుకో" అంది.

పోసుకున్నాను. నా కోటు నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి.

"పదకొండు గురువారాలు" అంది. "టోనే జ్వరం తగ్గాలని. మొదటిది ఏప్రిల్ పది. వీళ్ళు మొదలుపెట్టేనాటికే అది పోయి నెల. అది నాకు ముందే తెలుసు, సముద్రం దూరం. ఎవరి తప్పూ కాదు." పేజీ తిప్పింది. "చివరిది జూన్ పంతొమ్మిది."

నేను కప్పు పట్టుకుని నిలబడ్డాను.

"మా అక్కకీ నీకూ ఉత్తరాలు ఒకే రోజు రాశాం. ఒకే పెట్టెలో వేశాం. వేసింది నేనే, ఆయన లేవలేకపోయాడు. అక్కకి ఏప్రిల్ ఇరవై ఒకటిన అందింది." తలెత్తింది. "నీకెప్పుడు అందింది సివర్ట్?"

అబద్ధం సిద్ధంగానే ఉంది, ఏడాదికి పైగా వాడినదే. నోట్లోకి వచ్చింది కూడా.

"ఇరవై రెండున" అన్నాను.

గోడగడియారం కొట్టుకుంటోంది. ఆమె దాని వైపు చూడలేదు, నేనే చూశాను. లేచి వెళ్ళి దాని వెనక చెయ్యి పెట్టి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను. ఆమె విప్పింది. మడతల దగ్గర కాగితం నలిగి చిరిగిపోయింది. చివరి కాగితమైతే నాలుగు ముక్కలు కావడానికి సిద్ధంగా ఉంది. మధ్యలో ఆ చిన్న చెయ్యి మీద నా వేలి మురికి నల్లగా అంటుకుని ఉంది.

ఆమె ఆ మురికినే చాలాసేపు చూసింది.

"మొదటి రెండు వారాలు సముద్రానివి" అంది. "మిగతా తొమ్మిదీ నీవి."

"నావే."

"ఇక్కడ అది తొమ్మిది వారాలు ఎక్కువ బతికిందన్నమాట." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. "జ్వరం తగ్గిందా దానికి? కాళ్ళకి బలం వచ్చిందా?"

నేను ఏడ్చాను. నలుగురిలో కాదు కాబట్టి రాస్తున్నాను. ఆమె ఏడవలేదు. ఉత్తరం జాగ్రత్తగా మడిచి నా వైపు జరిపింది. "నీ పేరు మీద వచ్చింది. ఉంచుకో." తర్వాత కవర్ల దొంతర మీద చెయ్యి వేసి అంచులు సమంగా సర్దింది.

"సివర్ట్, నువ్వు చెడ్డవాడివి కాదు. నాకు తెలుసు. ఒక్కటి చెప్పు. సునివాకేమైనా అయితే నాకు ఎన్ని వారాలకి తెలుస్తుంది?"

వెంటనే రాస్తాను అని చెప్పాల్సింది. టెలిగ్రాం ఇస్తాను, గుర్రమేసుకుని పోతాను, ఒట్టు. అన్నీ నిజమే. కానీ ఆమె ముందు ఆ పుస్తకం తెరిచి ఉంది.

మర్నాడు పొద్దున రొట్టె తింటుండగా ఆమె అన్నయ్యతో, "నేను ఆలోచించాను. సునివా పట్నంలోనే ఉండాలి. హాస్టలుకి డాక్టరు దగ్గర. టెలిగ్రాఫ్ ఆఫీసు పక్క వీధిలోనే" అంది.

అన్నయ్య ఆశ్చర్యపోయి, ఆ తర్వాత సంతోషపడి, ప్రార్థనకి జవాబొచ్చిందన్నాడు. ఆమె అసలు సంగతి ఆయనకి చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, ఎప్పుడూ చెప్పలేదు. నన్ను కాపాడిందో, నాకు అదే శిక్ష వేసిందో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

సునివా నన్ను గొర్రెల దొడ్లో పట్టుకుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నేనేం తప్పు చేశాను బాబాయ్?"

"ఏమీ చెయ్యలేదు."

"తిట్లు నేర్చుకున్నాననా? ఇంక తిట్టను. అమ్మ నిన్నడగమంది. నువ్వు ఉంచుకుంటానంటే నేనుంటా. అను బాబాయ్."

వదిన అలా అడగమని ఉండదు. పిల్ల సొంతంగా అల్లుకొచ్చింది. ఆ పిల్ల గొర్రె కాలు పట్టుకుని ఉంది, నేను గిట్టలు చెక్కుతున్నాను, తల ఎత్తలేదు.

"నాకు పనెక్కువ సునివా. పిల్లని చూసుకోవడం నా వల్ల కాదు."

ఆ పిల్ల గొర్రె కాలు వదల్లేదు. నేను ఆ గిట్ట చెక్కడం అయ్యేదాకా అలాగే పట్టుకుని ఉండి, వదిలి, వెళ్ళిపోయింది.

వాళ్ళు స్టీమరెక్కిన రోజు ఎండ కాసింది. అలాంటి రోజుల్లోనే అలా కాస్తుంది. మందిరం వాళ్ళంతా రేవులో నిలబడి పాటలు పాడారు. సునివా అమ్మానాన్నల మధ్య నిలబడి ఉంది, పట్నంలో దిగిపోవడానికి. నావైపు చెయ్యి ఊపలేదు. వదిన ఊపింది. ఆమె చంకలో నల్ల అట్ట పుస్తకం. యాభై రెండు కవర్లూ హాస్టలు వార్డెనమ్మ కోసం పెట్టెలోకి వెళ్ళాయి.

"పిల్ల ఉండిపోతుందన్నావుగా?" అంది గూరో పెద్దమ్మ నా పక్కన.

"పట్నమే మంచిదన్నారు."

"పోనీలే. నువ్వేం దిగులు పెట్టుకోకు. గురువారం గురువారం దాని పేరు తలుస్తాం."

వాళ్ళు తలిచారు కూడా. ఆవిడ పోయేదాకా తప్పలేదు.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. క్రిస్మస్‌కి సునివా దగ్గర్నుంచి రెండు లైన్ల కార్డు వచ్చేది. నేనూ రెండు లైన్లు రాసేవాణ్ణి. ఆమె నర్సయింది, పెళ్ళి చేసుకుంది, విడిపోయింది. అన్నీ కార్డుల మీదే. ఈ గట్టుకి మళ్ళీ రాలేదు.

పోయిన అక్టోబరులో ఒక గురువారం మధ్యాహ్నం బస్సు దిగి నడిచొచ్చింది. స్టీమరు ఆపేసి చాలా కాలమైంది. తలుపు తీసి మొదట గుర్తుపట్టలేదు. ఆ పొడుగు చూసి గుర్తుపట్టాను.

"అమ్మ పోయింది బాబాయ్. నిన్న పొద్దున, అక్కడే. నాన్న టెలిగ్రాం ఇచ్చాడు. టోనే పక్కన పెడుతున్నారు."

కూర్చోమన్నాను. నాకే కూర్చోవాలనిపించింది. "ఇంత దూరం ఎందుకొచ్చావు? ఉత్తరం రాస్తే సరిపోయేదిగా" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అమ్మ ముందే చెప్పి పెట్టింది. నాకేమైనా అయితే సివర్ట్‌కి ఉత్తరం రాయకు, నువ్వే వెళ్ళి ఎదురుగా చెప్పు అని."

"ఇంకేమంది?"

"అంతే." నా మొహంలోకి చూసింది. తెలుసో తెలియదో ఆ చూపులో దొరకలేదు. అడగడానికి నాకు ధైర్యం లేదు. "మందిరంలో కూడా చెప్పాలి కదా. నాకు ఇక్కడ ఎవరూ తెలీదు. నువ్వు చెబుతావా?"

కోటు తగిలించుకున్నాను. కాఫీ కూడా పెట్టకుండా బయల్దేరాను. మందిరంలో ఏడుగురు ఆడవాళ్ళున్నారు, అందరూ ముసలివాళ్ళే, అల్లికలు పట్టుకుని. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, టోపీ తీసి, నిలబడి చెప్పాను. బోర్గిల్డ్ పోయింది. నిన్న పొద్దున. తడుముకోలేదు. చెప్పడానికి ఎంతసేపూ పట్టలేదు.

తిరిగొచ్చేసరికి కింద ఎవరూ లేరు. పైకెక్కాను. ప్రయాణం బడలికతో సునివా పైగదిలో పడుకుంది, బూట్లు కూడా విప్పలేదు. నీలం రంగు చాలాచోట్ల ఊడిపోయిన ఆ మంచం పదకొండేళ్ళ పిల్లకి చేసింది. మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని, ఎలాగో అందులో సర్దుకుంది.